వెయ్యి క్యాండిల్ బల్బు, నాన్న గుండె

మా నాన్న సినిమాల్లో పెళ్ళిళ్ళు చేయించేవాడు. వధూవరుల మధ్య తెర పట్టించి, నాలుగు ముక్కలు మంత్రం చదివి, తాళి చేతికందించే సమయానికి విలన్ మనుషులు జీపులో వచ్చి పడితే పీటల మీంచి లేచి పరుగెత్తడం ఆయన వృత్తి. ఇంట్లో దీపం వెలిగించే పని కూడా అమ్మకే వదిలేసిన మనిషి. అయినా శ్రీనగర్ కాలనీలో మా వీధివాళ్ళు గృహప్రవేశానికి మంచి రోజు చెప్పమని ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయన ఏమాత్రం తడబడకుండా కళ్ళు మూసుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టి చెప్పేసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండగా ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ కళ్ళు తిరిగి పడిపోయాడు. గుండె ఉండుండి కొట్టుకోవడం మానేస్తోందన్నారు. బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో ఎడమ భుజం కింద, చర్మం లోపల, చిన్న యంత్రం అమర్చారు. దాన్ని పేస్‌మేకర్ అంటారు. గుండె తనంతట తాను కొట్టుకుంటే అది ఊరుకుంటుంది, ఆగితే చిన్నగా కరెంటు అందించి కొట్టుకునేలా చేస్తుంది. ఇంటికొచ్చిన రోజే నాన్న అమ్మనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి, ఈ సంగతి గడప దాటకూడదన్నాడు. సినిమావాళ్ళు జబ్బు మనిషిని పొమ్మనరు. "ఆరోగ్యం జాగ్రత్తండీ" అని ఎంతో ప్రేమగా అంటారు. ఆ తర్వాత ఫోను మోగదు. చొక్కా లేని వేషాలకు ఆయన అప్పటినుంచి పైపంచె నిండుగా కప్పుకోవడం మొదలుపెట్టాడు. పురోహితుడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

అవి ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులు. జూబ్లీ హిల్స్‌లో బండలు పేల్చి అద్దాల ఆఫీసులు లేపుతున్నారు. అమీర్‌పేటలో ఏ కరెంటు స్తంభం చూసినా కంప్యూటర్ కోర్సుల బ్యానర్లే. నాతో చదివినవాళ్ళంతా పొద్దున్నే టిఫిన్ డబ్బాలతో ఆ బ్యానర్ల వైపు బస్సెక్కేవాళ్ళు. నేను ఎక్కలేదు. అది మొండితనమని అమ్మ అనేది, పొగరని మా మేనత్త అనేది. ఇద్దరూ సగం నిజమే చెప్పారు. నాకు చేత్తో పట్టుకుని, సోల్డరింగ్ పెట్టి అతికించి, వెలుగుతుందో లేదో కళ్ళారా చూసుకునే పని కావాలి. తెర మీద అక్షరాలు కొట్టే పని కాదు.

సరిగ్గా అప్పుడే ఫిల్మ్‌నగర్‌లో నాన్నకి తెలిసిన ఒక కళాదర్శకుడు నన్ను పిలిపించాడు. ఆయన చేస్తున్నది జానపద సినిమా. మాంత్రికుడి గుహలో ఒక మాయాగోళం ఉండాలి, దాని లోపల మెరుపులు కదలాలి. కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ళు మేం గీసి పెడతామని అప్పటికే దర్శకుడి చుట్టూ తిరుగుతున్నారు. దర్శకుడు మాత్రం నిజమైన గోళమే కావాలని పట్టుబట్టాడట. నటుడి మొహం మీద పడే వెలుగు దొంగ వెలుగు కాకూడదని ఆయన పట్టుదల.

"బొమ్మల షాపుల్లో దొరికేది నారింజపండంత ఉందమ్మా, కెమెరాకి ఆనదు. నువ్వు ఎలక్ట్రానిక్సే కదా? ఇంట్లో చేసి పెట్టగలవా? ఇది నిలబడితే నా డిపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోదువుగాని" అన్నాడు కళాదర్శకుడు.

నేను వెంటనే ఒప్పేసుకున్నాను. ఆ గోళం మీద చెయ్యి పెట్టేది ఎవరని అడగాలని కూడా తోచలేదు.

అది ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. గాజుబుడ్డిలో ఆర్గాన్‌లాంటి వాయువు ఉంటుంది, మధ్యలో ఒక లోహపు ముక్క ఉంటుంది. దానికి వేల వోల్టులు ఇస్తే చుట్టూ ఉన్న వాయువు అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, కరెంటు పారడానికి సన్నని దారులు తెరుచుకుంటాయి. ఆ దారులే వెలుగుతాయి. మనకు మెరుపుతీగల్లా కనిపించేవి అవే. టార్చిలైటు బ్యాటరీ కరెంటయితే గాజు దగ్గర ఆగిపోతుంది. క్షణానికి వేలసార్లు దిక్కు మార్చుకునే కరెంటుకు మాత్రం గాజుగోడ పెద్ద అడ్డు కాదు. మనిషి చెయ్యి ఆనిస్తే దానికి ఒంటి మీదుగా నేలలోకి దారి దొరుకుతుంది, తీగలన్నీ కలిసి లావుగా ఆ వేళ్ళ దగ్గరికి వచ్చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కాస్త వెచ్చగా తగులుతుంది, అంతే. మధ్యలో లోహం వచ్చిందంటే చిటుక్కుమని నిప్పురవ్వ దూకుతుంది, చర్మం కాలుతుంది.

గాజుబుడ్డి నాకు ఊరికే దొరికింది. స్టూడియో లైట్లలో వాడి పారేసిన వెయ్యి క్యాండిల్ బల్బు ఒకటి, పెద్ద కొబ్బరికాయంత ఉన్నది, లైట్‌మెన్ దగ్గర అడిగి తెచ్చుకున్నాను. ఫిలమెంట్ తెగినా ఫరవాలేదు, గాజు పగలకుండా లోపలి వాయువు ఉంటే చాలు. వేల వోల్టులు పుట్టించడానికి టీవీలోని ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొత్త కలర్ టీవీది పనికిరాదు, దాని కడుపులోనే కరెంటును ఒకే దిక్కుకు మళ్ళించే డయోడ్ ఉంటుంది. పాతకాలపు డబ్బా టీవీలోంచి పీకింది కావాలి. యూసుఫ్‌గూడ టీవీ మెకానిక్ ఒకాయన అటక మీంచి తీసి దులిపి చేతిలో పెట్టాడు.

"దీంతోని ఏం జేస్తవమ్మా? షాక్ గిట్ల గొడితే నా పేరు జెప్పకు. జర పైలం" అన్నాడు.

దానికి తీగ చుట్లు చుట్టి, ఒక పవర్ ట్రాన్సిస్టర్ తగిలించి, అన్నీ కలిపి బిస్కెట్ల రేకు డబ్బాలో బిగించాను. బల్బును తలకిందులుగా నిలబెట్టి వైరు దాని ఇత్తడి మూతికి కలిపాను. మిట్టమధ్యాహ్నం హాల్లో కర్టెన్లు వేసి స్విచ్ నొక్కాను. సన్నగా బుస వినబడింది. చచ్చిపోయిన బల్బులో ఊదారంగు తీగలు పుట్టి, గాజును తడుముతూ పాకడం మొదలుపెట్టాయి. నా సంతోషం చెప్పలేను, గట్టిగా అరిచేశాను. వంటింట్లోంచి అమ్మ, "ఇల్లంతా జిరాక్స్ షాపు వాసనేంటే?" అని అంతకన్నా గట్టిగా అరిచింది.

అప్పుడే నాన్న లోపలికి వచ్చాడు. చేతిలో సీను కాగితాలు, మొహంలో వెలుగు. ఆ సినిమాలో తనకి మంచి వేషం దొరికిందని అంతకుముందే చెప్పాడు గానీ, ఏ వేషమో చెప్పకుండా ఊరిస్తున్నాడు.

"నేనే ఆ మాంత్రికుణ్ణి" అంటూ చెయ్యి చాపి గోళం వైపు నడిచాడు. "ఇదేనా నేను చెయ్యి పెట్టాల్సింది?"

నేను మధ్యలోకి దూకి నిలబడ్డాను. వాసనేంటో చూడ్డానికి వచ్చిన అమ్మ స్విచ్ ఆపేసింది. అప్పుడు నా గుండె కొట్టుకున్నంతగా ఆయనది ఎప్పుడూ కొట్టుకుని ఉండదు.

ఆసుపత్రివాళ్ళిచ్చిన చిన్న పుస్తకం బయటికి తీసి చదివాను. బయటి నుంచి వచ్చే కరెంటు గోలను ఆ యంత్రం ఒక్కోసారి గుండెచప్పుడని పొరబడుతుంది. గుండె కొట్టుకుంటూనే ఉంది కదా అనుకుని తన పని మానేస్తుంది. ఆ క్షణంలో గుండె నిజంగానే ఆగితే దిక్కు లేదు. మా డాక్టరుకి ఫోన్ చేసి ఎంత దూరంలో ఉంటే మంచిదని అడిగితే, "అసలు అలాంటి వాటి దగ్గరికి వెళ్ళడం ఎందుకమ్మా?" అన్నాడు.

"డైరెక్టర్‌కి చెప్పేద్దాం నాన్నా" అన్నాను.

"చెప్పు. రేపు పొద్దున్నకి ఆ వేషం ఇంకొకడి మొహానికి ఎక్కుతుంది. ఇన్నేళ్ళకి ఒక పేరున్న పాత్ర దొరికింది. పీటల మీంచి లేచి పారిపోయేది కాదు, ఎదురు నిలబడి మాట్లాడేది."

"ప్రాణం మీదికొస్తే ఆ మాటలెవరు మాట్లాడతారు?"

"ఆ మాటలు లేకుండా ఈ ప్రాణం పెట్టుకుని నేనేం చేసుకోను?"

"ఇది సినిమా డైలాగు."

"అవును. నాకెప్పుడూ ఇవ్వని డైలాగు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన భోజనానికి కూడా లేవలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. ఆయనకి చెయ్యి పెట్టే వీల్లేని గోళాన్ని నా చేతులతో నేనే చేశాను. చెయ్యనని ఇప్పుడు వెనక్కి వెళ్తే గ్రాఫిక్స్ వాళ్ళు వస్తారు, నాన్నకి ప్రమాదం తప్పుతుంది. ఆ మాట నాకు తోచలేదా అంటే తోచింది. కానీ దూరం పాటిస్తే రెండూ దక్కుతాయనిపించింది. ఆయన వేషం ఆయనకి, నా పని నాకు.

ఆ దూరం ఎంతో తేల్చడానికి చిన్న రేడియో పట్టుకున్నాను. గోళం వెలుగుతుంటే రేడియో గరగరమంటుంది. గరగర ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా నడిచాను. మొదట అది వరండా దాటి గేటు దగ్గరికి వెళ్తే గాని ఆగలేదు. రేకు డబ్బాకి ఎర్త్ ఇచ్చి, వైర్లు పొట్టిగా కత్తిరించి, వాటిమీద ఇనుప జాలీ చుట్టాక హాలు అవతలి గోడ దగ్గరికి తగ్గింది. రేడియోకి వినబడిందల్లా గుండె యంత్రానికి ముప్పు కాదని నాకు తెలుసు. అయినా నాకు అంతకన్నా నమ్మకమైన కొలబద్ద లేదు.

కళాదర్శకుడికి ఒక కారణం చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మాంత్రికుడి చేతికి ఇత్తడి కడియాలు, వేళ్ళకి ఉంగరాలు ఉంటాయి, లోహంతో గోళాన్ని తాకితే చెయ్యి కాలుతుంది. కాబట్టి చెయ్యి ఆనించే క్లోజప్పు రబ్బరు నగలు వేసుకున్న వేరే మనిషితో తీయండి, నాన్నని గోళానికి బాగా వెనక నిలబెట్టి చెయ్యి చాపమనండి, ఎదురుగా కెమెరా పెడితే చెయ్యి గోళం మీదే ఉన్నట్టు వస్తుంది అన్నాను. దర్శకుడు సణిగి ఒప్పుకున్నాడు. ఫిల్మ్‌నగర్ స్టూడియో ఫ్లోరులో గుహ సెట్టు వేశాక నేను రేడియో చెవికి ఆనించుకుని తిరిగి, గరగర ఆగిన చోట నేలమీద టేపుతో నాన్నకి మార్కు అతికించాను. నటుడు నిలబడాల్సిన చోటిని అలా గుర్తు పెడతారు. నాన్న తన జీవితంలో ఎప్పుడూ మార్కు తప్పలేదు.

ముహూర్తం రోజు ఉదయం. దేవుడి పటాలు, కొబ్బరికాయలు, పూల బుట్టలు, కొత్త బట్టల్లో నిర్మాత బంధువులు. ఫ్లోరు కిటకిటలాడుతోంది. నేను థర్మోకోల్‌తో చేసిన బంగారు రంగు సర్పం పడగ మీద గోళాన్ని నిలబెట్టి, ప్లగ్గు పక్కనే చతికిలబడ్డాను. కళ్ళు మాత్రం నాన్న మార్కు మీదే ఉన్నాయి. ఆయన జడలు, నల్ల శాలువా, నుదుటి నిండా విభూతితో అక్కడ నిలబడి మాటలు నెమరేసుకుంటున్నాడు. ఫ్లోరు లైట్లన్నీ ఆర్పించి గోళం వెలిగించగానే జనం "అబ్బ!" అన్నారు. నిర్మాత దగ్గరికి వచ్చి వంగి చూసి చేతులు కళ్ళకద్దుకున్నాడు. అక్కడినుంచి నాకు భయం మొదలైంది. సినిమావాళ్ళు కళ్ళకద్దుకున్న వస్తువును ఊరికే వదలరు, పూజ చేసి తీరతారు.

ప్రొడక్షన్ మేనేజర్ బంతిపూల దండ తెచ్చి గోళానికి వేశాడు. దండలో జరీ దారం ఉంది. వేసీ వేయగానే చిటచిటమంటూ పూల మధ్య నిప్పురవ్వలు లేచాయి. నేను కర్రతో దండ ఎత్తి అవతల పడేశాను.

"దండ తీస్తవేందమ్మా? ముహూర్తం పూట గిట్ల జేస్తరా ఎవలన్న?" అని మేనేజర్ నామీద గుర్రుమన్నాడు.

"లోహం తగలకూడదండీ. ప్రమాదం" అన్నాను.

"మంచిది, మంచిది. దండ వద్దులెండి. హారతి ఇద్దాం" అన్నాడు నిర్మాత. "కెమెరాతో పాటు దీనికి కూడా ఇవ్వాలి. మన సినిమాకి ఇదే ప్రాణం." చుట్టూ చూసి, నాన్న మీద చూపు నిలిపాడు. "పంతులుగారూ, మీరుండగా ఇంకొకరెందుకండీ? మీ చేత్తో ఇవ్వండి."

పంతులుగారు! అన్ని పెళ్ళిళ్ళు చేయించినందుకు ఆయన్ని అందరూ నిజంగానే అలా పిలిచేవారు. ఆ పిలుపు అంటే నాకు ఎప్పుడూ ఒళ్ళు మంటే. ఆ రోజు మాత్రం దానికి భయపడ్డాను.

మేనేజర్ కర్పూరం వెలిగించి పళ్ళెం నాన్న చేతిలో పెట్టాడు. పెద్ద ఇత్తడి పళ్ళెం. దాన్ని గోళం చుట్టూ తిప్పాలి. గోళం నుంచి పళ్ళానికి రవ్వ దూకితే ఆ కరెంటు చేతి మీదుగా భుజం దాకా పోతుంది, ఆ భుజం కిందే యంత్రం ఉంది. నాన్న కాదంటాడని చూశాను. నడుం నొప్పి అనొచ్చు, మైల అనొచ్చు, ఏదైనా అనొచ్చు. ఆయన పళ్ళెం రెండు చేతులా పట్టుకుని మార్కు దాటి ముందుకు అడుగేశాడు. నావైపు చూడలేదు.

ప్లగ్గు నా చేతికి అందేంత దగ్గర్లో ఉంది. పీకేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ముహూర్తం వేళ, హారతి పట్టగా, వెలుగు ఆరిపోవడం. సినిమావాళ్ళకి దానికన్నా చెడ్డ శకునం లేదు. అలాంటి దానికి సినిమాలే ఆపేసినవాళ్ళున్నారని చిన్నప్పటినుంచీ వింటున్నాను. "ఆయన గుండెలో యంత్రం ఉంది" అని ఒక్క కేక వేస్తే నామీద మాట పడదు, నాన్న వేషం పోతుంది. కేక నోటిదాకా వచ్చింది. నాన్న ఇంకో అడుగు వేశాడు. పళ్ళెం గోళం వైపు లేచింది.

నేను ప్లగ్గు పీకేశాను.

గుహంతా చీకటి కమ్మింది. కర్పూరం ఒక్కటే వెలుగుతోంది. ఎవరో ఆడమనిషి "అయ్యో!" అంది. నాన్న ఆగలేదు. చచ్చిన బల్బు చుట్టూ పళ్ళాన్ని తీరిగ్గా, మూడుసార్లు తిప్పి, కళ్ళు మూసి ఏదో చదివి, పళ్ళెం వెనక్కి తెచ్చి మేనేజర్ చేతిలో పెట్టి, మళ్ళీ మార్కు మీదికెళ్ళి నిలబడ్డాడు. ఆయన అంత బాగా నటించడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఎవలు ఆపిన్రు?" అని మేనేజర్ అరిచాడు.

"నేనే. వైరు వేడెక్కింది" అన్నాను.

"హారతి అయ్యేదాంక ఆగొద్దా? నీకు దిమాగ్ ఉందా అమ్మా?"

నిర్మాత అరవలేదు. అరిస్తే బాగుండేది. చేతిలోని అక్షింతలు కింద పడేసి, "ఆ బొమ్మ తీయించేయండి. గ్రాఫిక్స్‌లో చేసుకుందాం" అని మెల్లిగా అన్నాడు. నిజమైన గోళమే కావాలన్న దర్శకుడు కెమెరా వైపు తిరిగిపోయాడు. నాతో ఒక్క మాటైనా అంటాడని కళాదర్శకుడి వైపు చూశాను. ఆయన సర్పం పడగ మీంచి గోళాన్ని తనే ఊడదీసి, నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ డిపార్ట్‌మెంట్ నుంచి నాకు మళ్ళీ కబురు రాలేదు. ఆ సంవత్సరమే నేను కూడా టిఫిన్ డబ్బా పట్టుకుని అమీర్‌పేట బస్సెక్కాను.

గోళం పోయింది గానీ ముహూర్తం షాట్ తప్పదు కదా. ఖాళీ సర్పం ముందు, ఏమీ లేని గాలి మీద చెయ్యి చాపి నాన్న తన మాటలు చెప్పాడు. మొదటి టేకే ఓకే అయింది. జనం చప్పట్లు కొట్టారు. నేను బయట మెట్ల మీద దుప్పటిలో చుట్టిన బల్బు పట్టుకుని ఆ చప్పట్లు విన్నాను.

మేకప్పు సగం తుడుచుకుని నాన్న బయటికి వచ్చాడు. ఆటో ఎక్కాం. ఫిల్మ్‌నగర్ దిగువ మలుపులన్నీ దాటాం. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆటో ఆగినప్పుడు ఆయనే అన్నాడు.

"నువ్వు ఆపుతావని తెలుసు."

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన వైపు తిరిగాను.

"తెలిసే పళ్ళెం పట్టుకున్నావా? నేను అటు చూసి ఉండకపోతే?"

"పొద్దుట్నుంచీ నువ్వు నన్ను తప్ప దేన్నీ చూడలేదు కదే."

"నడుం నొప్పి అనొచ్చుగా నాన్నా! నేనే ఆపాలా? ఆ మాట నేనే పడాలా?"

ఆయన రోడ్డు వైపు చూస్తూ, నుదుటి మీద మిగిలిన విభూతి తుడుచుకున్నాడు.

"ముహూర్తం రోజున నొప్పి అన్న ముసలాడిని మళ్ళీ ఎవరూ పిలవరమ్మా. నిన్ను పిలుస్తారు. ఇక్కడ కాకపోతే ఇంకోచోట పిలుస్తారు. నీకు బోలెడు కాలం ఉంది. నాకు ఇదొక్కటే ఉంది."

ఆ మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. నా పని తీసుకుని తన వేషం నిలబెట్టుకున్నాడు, అడగనైనా అడగకుండా తీసుకున్నాడు. తన ప్రాణాన్ని మాత్రం నా చేతిలో పెట్టేసి కర్పూరం తిప్పడానికి వెళ్ళాడు. ఇంత స్వార్థమూ, నామీద అంత నమ్మకమూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయో ఈనాటికీ నాకు తెలియదు.

ఆయనతో ఇంక మాట్లాడకూడదనుకున్నాను. మాట్లాడలేదు కూడా. కానీ శ్రీనగర్ కాలనీలో ఆటో దిగేదాకా ఆయన మణికట్టు వదలకుండా పట్టుకుని నాడి చూస్తూనే ఉన్నాను. అది మామూలుగానే కొట్టుకుంటోంది.